జడ్జిగారి సంస్మరణ సభ పెట్టాలంటే: దండల కన్నా ముందు తీర్పులు చూడండి

మీ ఊళ్ళో పుట్టినాయనో మీ కోర్టులో పనిచేసినాయనో ఒక జడ్జిగారు పోయారు, లేకపోతే ఎప్పుడో పోయినాయన జయంతి వస్తోంది, బార్ అసోసియేషన్ వాళ్ళో లైబ్రరీ కమిటీ వాళ్ళో మిమ్మల్ని పట్టుకుని "సభ సంగతి మీరే చూసుకోండి సార్" అనేశారు. అలా ఇరుక్కున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నా.

మామూలుగా ఏం జరుగుతుందో అందరం చూసిందే. ఒక ఫ్లెక్సీ, ఫోటోకి దండ, డయాస్ మీద కుర్చీలు సరిపోనంత మంది, ఒక్కొక్కళ్ళూ లేచి "నిగర్వి, నిరాడంబరుడు, స్నేహశీలి" అనేసి కూర్చుంటారు. ఆ మాటలు ఏ జడ్జిగారికైనా సరిపోతాయి, ఆ మాటకొస్తే ఏ రిటైర్డ్ హెడ్మాస్టర్ గారికైనా సరిపోతాయి. జడ్జి అన్నాయన జన్మంతా కూర్చుని రాసింది తీర్పులు కదండీ, అందులోంచి ఒక్క పేరా కూడా ఎవరూ చదవకుండా సభ అయిపోతే ఇంటికెళ్ళాక ఆయన పేరు తప్ప ఎవరికీ ఏమీ గుర్తుండదు. కాబట్టి నేను చెప్పేదంతా ఒకటే పని చుట్టూ తిరుగుతుంది, ఆయన రాసిన ముక్క ఒకటి వెతికి తెలుగులో జనానికి వినిపించడం. మిగతావన్నీ దాని తర్వాతే.

ఊరికే చెప్తే గాల్లో ఉంటుంది కాబట్టి కోకా సుబ్బారావు గారిని ఉదాహరణగా పెట్టుకుందాం. రాజమండ్రి మనిషి, భారత ప్రధాన న్యాయమూర్తి దాకా వెళ్ళారు, ఆయన తీర్పులు ఎవరికి కావాలన్నా దొరుకుతాయి.

ముందు డేట్ సంగతి

ఈమధ్యే పోయిన వాళ్ళయితే మొట్టమొదట ఇంటివాళ్ళని అడగండి, పెద్దకర్మ అయ్యేదాకా సభ మాట ఎత్తకపోవడమే మర్యాద. ఆయన హైకోర్టు జడ్జిగా చేసుంటే హైకోర్టులోనే ఫుల్ కోర్ట్ రిఫరెన్స్ అని పెడతారు, జడ్జిలందరూ ఒకే హాల్లో కూర్చుంటారు, చీఫ్ జస్టిస్ గారు ఆయన జీవిత విశేషాలు చదువుతారు, అడ్వొకేట్ జనరల్, బార్ ప్రెసిడెంట్ మాట్లాడతారు, లేచి నిలబడి మౌనం పాటిస్తారు. అక్కడ చదివిన కాగితం కాపీ ఎలాగైనా సంపాదించండి, డేట్లకీ పోస్టింగులకీ అంతకన్నా నమ్మకమైనది అంత తొందరగా ఇంకోటి దొరకదు.

పాతకాలం ఆయనైతే వర్ధంతా జయంతా అన్నది క్యాలెండర్ చూసి తేల్చండి. సుబ్బారావు గారు పోయింది 1976 మే 6న. మే అంటే కోర్టులకి వేసవి సెలవులు, వకీళ్ళు సగం మంది ఊళ్ళో ఉండరు, స్కూళ్ళూ కాలేజీలూ మూసుంటాయి, పైగా మన గోదావరి జిల్లాల ఎండకి మధ్యాహ్నం సభ అంటే వచ్చేవాళ్ళ మీద కక్ష తీర్చుకోవడమే. పుట్టింది 1902 జులై 15న, అది హాయి. కోర్టులు నడుస్తుంటాయి, పిల్లలుంటారు, చాలా ఏళ్ళు ఆ తేదీ ఆషాఢంలోనే పడుతుంది కాబట్టి పెళ్ళిళ్ళుండవు, ఫంక్షన్ హాళ్ళు ఖాళీ. రెండు తేదీలూ కుదరకపోతే నవంబర్ 26 రాజ్యాంగ దినోత్సవం ఎలాగూ ఉంది, కానీ ఆ రోజు ప్రతి ఆఫీసులోనూ ఏదో ఒక ప్రోగ్రాం ఉంటుంది, మీకు స్పీకర్లు దొరకరు.

బయోడేటా ఎక్కణ్ణుంచి తేవాలి

సుప్రీంకోర్టు సైట్లోనూ హైకోర్టు సైట్లలోనూ పాత జడ్జిల వివరాలుంటాయి, అక్కణ్ణుంచి మొదలెట్టండి. జిల్లా కోర్టు స్థాయి ఆయనైతే కోర్టుల్లో ఎవరు ఎప్పటినుంచి ఎప్పటిదాకా పనిచేశారో రాసిన బోర్డులుంటాయి చూడండి, దాన్ని ఫోన్‌తో ఫోటో తీసుకోండి, కానీ ముందు అనుమతి అడగండి, అది కోర్టు. బార్ అసోసియేషన్ మినిట్స్ బుక్కులు, కోర్టు బిల్డింగ్ శిలాఫలకాలు కూడా చూడండి. అన్నిటికన్నా ముఖ్యం ముసలి గుమాస్తాలు. ఏ జడ్జిగారు పదిన్నరకి టంచనుగా బెంచ్ ఎక్కేవారు, ఎవరు వాయిదా అడిగితే చిరాకుపడేవారు, ఎవరు సాక్షిని కూర్చోబెట్టి మంచినీళ్ళిప్పించేవారు, ఇవన్నీ వాళ్ళకి తెలిసినట్టు వకీళ్ళకి కూడా తెలీదు. కాకపోతే గుమాస్తాల దగ్గర కథలు పెరుగుతూ పోతాయి, ఇద్దరు విడివిడిగా చెప్తేనే రాయండి.

సుబ్బారావు గారిదైతే లైను ఇలా వస్తుంది. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ, మద్రాసులో లా, 1948లో మద్రాస్ హైకోర్టు జడ్జి, 1954లో ఆంధ్ర రాష్ట్రానికి గుంటూరులో హైకోర్టు పెట్టినప్పుడు దానికి మొదటి చీఫ్ జస్టిస్, 1956లో ఆంధ్రప్రదేశ్ వచ్చాక హైదరాబాద్, 1958 జనవరిలో సుప్రీంకోర్టు, 1966 జూన్ 30న సీజేఐ, అంటే భారత ప్రధాన న్యాయమూర్తి, 1967 ఏప్రిల్ 11న రాజీనామా. ఇది నిమిషంలో చదివేయొచ్చు, చదివేయండి కూడా, దీన్ని సాగదీయొద్దు. సాగదీయాల్సింది మీ ఊరికి తగిలే చోట. సభ గుంటూరులో పెడుతుంటే గుంటూరు ముక్క తీయండి, హైకోర్టు అసలు గుంటూరుకి ఎందుకొచ్చింది, 1937 శ్రీబాగ్ ఒప్పందం ప్రకారం రాజధాని, హైకోర్టు ఒకే చోట ఉండకూడదని, ఒకటి సీమకి ఒకటి కోస్తాకి అని రెండు వైపుల నాయకులూ అనుకున్నారు, రాజధాని కర్నూలు అయింది కాబట్టి హైకోర్టు ఇటొచ్చింది. కొత్త కోర్టు, కొత్త రాష్ట్రం, రెండేళ్ళు దాటీ దాటగానే మళ్ళీ సామాను సర్దుకుని హైదరాబాద్ వెళ్ళడం. ఇలాంటిది చెప్తే గుంటూరు జనం చెవులు రిక్కించి వింటారు. అదే రాజమండ్రిలో అయితే గౌతమీ గ్రంథాలయంలో పాత పత్రికలు తిరగేయడానికి ఒక కుర్రాణ్ణి పెట్టండి, కాలేజీ రోజులవో తర్వాత ఊరికొచ్చినప్పటివో వార్తలు తగలొచ్చు.

తీర్పు వెతకడం, అసలు పని ఇక్కడుంది

సుప్రీంకోర్టు రిపోర్టులు 1950 నుంచి ఉన్నవన్నీ ఈ-ఎస్సీఆర్ సైట్లో ఫ్రీగా దొరుకుతాయి, 2023లో మొదలెట్టారు, జడ్జి పేరుతో వెతకొచ్చు. కొన్ని తీర్పులకి తెలుగు అనువాదాలు కూడా పెడుతున్నారు కానీ అవి సభలో చదవడానికి పనికిరావు, ఆ భాష కోర్టు భాష, వినేవాళ్ళకి ఎక్కదు. చదివే ముక్క మీరే తెలుగు చెయ్యాలి.

ఇక్కడ వకీళ్ళు కూడా బోల్తా పడే సంగతులు రెండున్నాయి. ఒకటి, బెంచ్‌లో ఆయన పేరుందని ఆ తీర్పు ఆయన రాసినట్టు కాదు, లోపలికెళ్ళి ఎవరు డెలివర్ చేశారో చూడాలి, ఆరుగురు కూర్చున్న బెంచ్‌లో తీర్పు ఒకరు రాస్తారు, ఒక్కోసారి ఇంకొకరు విడిగా రాస్తారు, ఒక్కోసారి ఒప్పుకోమని రాస్తారు. రెండోది, పైన చిన్న అక్షరాల్లో ఉండే హెడ్‌నోట్ జడ్జిగారి మాట కాదు, రిపోర్టు వాళ్ళు తయారుచేసిన సారాంశం. హెడ్‌నోట్ చదివి "మహానుభావుడు ఇలా సెలవిచ్చారు" అన్నారనుకోండి, ముందు వరసలో కూర్చున్న సీనియర్ ఎవరో ఒకరు నవ్వుకుంటారు.

ఏది ఎంచుకోవాలి? పేరున్న తీర్పు కాదు, కథ ఉన్న తీర్పు. సుబ్బారావు గారు అనగానే అందరూ గోలక్‌నాథ్ అంటారు, అది మామూలు సభలో వినిపించడానికి అస్సలు కుదరదు, రాజ్యాంగ సవరణలు, ఆర్టికల్ 13, 368 అంటూ ఉంటే వెనక కుర్చీలు ఖాళీ అయిపోతాయి. జనం గుమిగూడాలంటే నానావతి కేసుంది, 1961లో ఆ తీర్పు రాసింది ఈయనే, నేవీ ఆఫీసరు, భార్య, ప్రియుడు, మూడు గుళ్ళు, అందరికీ తెలిసిన కథే, అది చెప్తే సభ నిండుతుంది కానీ ఈయన ఎవరో తెలీదు. నన్నడిగితే ఖరక్ సింగ్ కేసు తీసుకోండి, ఏఐఆర్ (తీర్పులు అచ్చేసే ఆల్ ఇండియా రిపోర్టర్) 1963 సుప్రీంకోర్టు 1295. ఇందులో ఈయన గెలిచిన వైపు లేరు, అందుకే తీసుకోమంటున్నా.

కథ ఇదీ. ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే ఆయన్ని 1941లో ఒక దోపిడీ కేసులో పట్టుకున్నారు, సాక్ష్యం లేదని వదిలేశారు. వదిలేశారు కానీ పోలీసులు ఆయన మీద హిస్టరీ షీట్ తెరిచారు, మన దగ్గర రౌడీ షీట్ అంటాం చూడండి అలాంటిది. ఇక అక్కణ్ణుంచి రాత్రిళ్ళు ఊరి చౌకీదారూ కానిస్టేబుళ్ళూ వచ్చి తలుపు బాదడం, పేరు పెట్టి అరవడం, నిద్రలేపడం, ఉన్నాడో లేడో చూసుకుని పోవడం. ఊరు దాటి వెళ్తే చెప్పి వెళ్ళాలి, వెళ్ళిన చోట అక్కడి పోలీసులు చూస్తుంటారు. ఆయన సుప్రీంకోర్టుకెళ్ళాడు. ఆరుగురు జడ్జిలు. రాత్రి ఇంటికి రావడం తప్పని అందరూ అన్నారు, మిగతా నిఘా మాత్రం ఫర్వాలేదు, మన రాజ్యాంగంలో ప్రైవసీ అనే హక్కు లేదు అని నలుగురు అన్నారు. సుబ్బారావు గారు ఒప్పుకోలేదు, జస్టిస్ షా ఆయనతో కలిశారు. పోలీసులు ఈ నిఘాకి ఆధారం చేసుకున్న రెగ్యులేషన్ మొత్తం చెల్లదన్నారు.

ఆయన అన్నదాన్ని నా తెలుగులో చెప్తే ఇలా ఉంటుంది. ప్రైవసీ హక్కు అని రాజ్యాంగం పేరు పెట్టి చెప్పలేదు నిజమే, కానీ అది లేకుండా మనిషి స్వేచ్ఛ అన్న మాటకి అర్థం ఉండదు, మనిషి తన ఇంట్లో పెళ్ళాం పిల్లలతో ఉన్నప్పుడు అక్కడ వాడికి విశ్రాంతీ మనశ్శాంతీ భద్రతా ఉండాలి, ఇల్లంటే వాడి కోట. కాళ్ళకి సంకెళ్ళు లేనంత మాత్రాన, వెనక పోలీసు చూపు వెంటాడుతుంటే అది స్వేచ్ఛగా తిరగడం ఎలా అవుతుంది, అలాంటివాడికి దేశమంతా జైలే.

ఆ చివరి వాక్యం మైకులో చదివి ఒక్క క్షణం ఆగండి, హాల్లో తేడా మీకే తెలుస్తుంది.

తర్వాత ఏమైందో కూడా చెప్పాలి, లేకపోతే కథ సగంలో ఆగినట్టే. ఈ తీర్పు 1962 డిసెంబర్‌లో వచ్చింది. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జిల బెంచ్ పుట్టస్వామి కేసులో ప్రైవసీ ప్రాథమిక హక్కే అని ఏకగ్రీవంగా తేల్చింది, ఖరక్ సింగ్‌లో మెజారిటీ ప్రైవసీ గురించి అన్న మాట తప్పని కొట్టేసింది, మైనారిటీలో పడిన సుబ్బారావు గారి మాట నిలబడింది. ఆయన పోయిన నలభయ్యేళ్ళ తర్వాత. ఆ కేసు వేసిన పుట్టస్వామి గారు కూడా రిటైర్డ్ హైకోర్టు జడ్జే, కర్ణాటక ఆయన, ఆధార్ మీద వేశారు. పిల్లలకి ఇక్కడ ఫోనూ ఆధారూ అంటే ఠక్కున అర్థమవుతుంది.

స్కూలు పిల్లలే ఎక్కువ వచ్చే సభ అయితే ఇంకో తెలుగాయన, జస్టిస్ చిన్నపరెడ్డి గారి తీర్పు బాగుంటుంది, 1986 బిజో ఇమ్మాన్యుయేల్ కేసు. కేరళలో ముగ్గురు పిల్లలు, వాళ్ళ మతం ఒప్పుకోదని జాతీయగీతం పాడలేదు, అయితే పాడేటప్పుడు లేచి మర్యాదగా నిలబడ్డారు, స్కూలు వాళ్ళు తీసేశారు. సుప్రీంకోర్టు తిరిగి చేర్చుకోమంది. పదో క్లాసు పిల్లల్ని రెండు గ్రూపులు చేసి ఆర్గ్యూ చెయ్యమనండి, ముందే తీర్పు చెప్పకండి, వాళ్ళే కొట్టుకుంటారు.

మరి జిల్లా జడ్జిగారైతే, మున్సిఫ్‌గానే రిటైరైన ఆయనైతే? ఆయన తీర్పులు ఏ రిపోర్టులోనూ ఉండవు. అప్పుడు ఆయన తీర్పు మీద అప్పీలుకెళ్ళిన కేసులు వెతకండి, హైకోర్టు తీర్పులో "కింది కోర్టు ఇలా అంది" అని ఆయన తర్కమంతా ఎత్తి రాస్తారు, ఒప్పుకున్నా కాదన్నా సరే, ఆయన ఆలోచన అక్కడ కనపడుతుంది. బెంచ్ బయట చేసిన పని కూడా వదలొద్దు. 1969 అహ్మదాబాద్ అల్లర్ల మీద విచారణ కమిషన్‌కి పెద్ద జస్టిస్ పి. జగన్మోహన్ రెడ్డి గారు, తర్వాత ఉస్మానియా వైస్ ఛాన్సలర్‌గా కూడా చేశారు, అలాంటి వాళ్ళకైతే కమిషన్ రిపోర్టు కూడా తీర్పు లాంటిదే, అందులోంచీ చదవొచ్చు.

పొగడ్తే కాదు, గొడవ కూడా చెప్పాలి

దీనికి చాలామంది ఒప్పుకోరు, "పోయినవాళ్ళ గురించి ఎందుకండీ" అంటారు. జడ్జి తీర్పు అంటేనే ఒకరు గెలుస్తారు ఒకరు ఓడతారు, అందరూ మెచ్చుకున్న జడ్జి అంటే నాకైతే అనుమానమే. సుబ్బారావు గారి మీద పెద్ద విమర్శలు రెండున్నాయి. గోలక్‌నాథ్ కేసు పంజాబ్‌లో భూపరిమితి చట్టం మీద వచ్చింది, పార్లమెంటు ప్రాథమిక హక్కుల్ని తగ్గించలేదని 1967 ఫిబ్రవరి 27న 11 మందిలో ఆరుగురు అన్నారు, అందులో అయిదుగురి తరఫున ఈయన రాశారు. దీంతో భూసంస్కరణలకి అడ్డం పడ్డారని ఒక పక్షం తిట్టింది, 1973లో కేశవానంద భారతి కేసులో గోలక్‌నాథ్‌ని పక్కన పెట్టారు కూడా, కానీ పార్లమెంటు ఏదైనా మార్చేయొచ్చా అన్న ప్రశ్న మాత్రం పోలేదు, బేసిక్ స్ట్రక్చర్ అని, అంటే రాజ్యాంగం మూల స్వరూపాన్ని పార్లమెంటు కూడా మార్చలేదని, ఇంకో రూపంలో వచ్చింది. ఇక రెండోది, తీర్పిచ్చిన రెండు నెలల్లోపే, రిటైర్మెంట్‌కి మూడు నెలలుండగానే రాజీనామా చేసి ప్రతిపక్షాల అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికలో దిగారు. జాకీర్ హుస్సేన్ గారికి 4,71,244 ఓట్ల విలువ, ఈయనకి 3,63,971. సీజేఐ కుర్చీలోంచి నేరుగా ఎన్నికలోకి దిగడం బాగుందా అన్నది అప్పుడూ అడిగారు, ఇప్పుడూ అడగొచ్చు. నాకు బాలేదనే అనిపిస్తుంది, అయినా ఖరక్ సింగ్ తీర్పు రాసిన చెయ్యి మీద గౌరవం తగ్గదు. ఇది సభలో ఎవరో ఒకరు చెప్పాలి, బెస్ట్ ఏంటంటే వేరే ఊరి లా కాలేజీ లెక్చరర్‌కి ఆ టాపిక్ ఇచ్చేయడం, ఊరివాళ్ళకి మొహమాటం ఉంటుంది.

కుటుంబసభ్యులు ముందు వరసలో ఉంటే ఈ భాగం ఉందని వాళ్ళకి ముందే ఫోన్ చేసి చెప్పండి, అప్పటికప్పుడు వినడం వేరు.

పిలుపులు, డబ్బులు

సిట్టింగ్ జడ్జిని పిలవాలంటే రిజిస్ట్రీ ద్వారా లెటర్ పెట్టాలి, జిల్లా జడ్జిగారికి చెప్పకుండా చెయ్యకండి, కనీసం రెండు మూడు నెలలు ముందు. ఆహ్వానపత్రంలో డయాస్ మీద ఇంకెవరుంటారో స్పష్టంగా రాయండి, పార్టీ నాయకులుంటారంటే చాలామంది జడ్జిలు రారు, అది వాళ్ళ తప్పు కాదు. సుప్రీంకోర్టు 1997లో జడ్జిల ప్రవర్తన మీద విలువల పత్రం ఒకటి ఆమోదించింది, బహుమతులు తీసుకోకూడదన్నది అందులో ఉంది, కాబట్టి వెండి జ్ఞాపికలూ శాలువాల కట్టలూ తెచ్చి ఆయన్ని ఇబ్బంది పెట్టొద్దు, ఒక మొక్క ఇచ్చి ఊరుకోండి.

చందాల దగ్గర మాత్రం గట్టిగా ఉండండి. కోర్టులో కేసులున్న కాంట్రాక్టరో రియల్ ఎస్టేట్ ఆయనో "భోజనాలు నేను పెడతా" అని వస్తాడు, వద్దనండి, ఎంత ఖర్చు మిగిలినా వద్దనండి. జడ్జిగారి పేరుతో జరిగే సభకి కోర్టులో కేసున్నవాడి డబ్బు వాడారని ఒక్కరన్నా చాలు, చేసిందంతా గంగలో కలుస్తుంది. బార్ మెంబర్ల దగ్గర చిన్న చిన్న మొత్తాలు, రసీదు ఇచ్చి తీసుకోండి, టీ, మిర్చి బజ్జీలకి ఎంతవుతుంది లెండి.

ఆ రోజు

గంటన్నర, అంతకన్నా వద్దు. డయాస్ మీద అయిదుగురు. జయంతి అయితే మౌనం అక్కర్లేదు, ఈమధ్యే పోయినాయనైతే రెండు నిమిషాలు. బయోడేటా చదవడం అయ్యాక వెంటనే తీర్పు చదవడం పెట్టండి, చివరికి పెడితే ఎవరూ ఉండరు. చదివేది జూనియర్ వకీలు అమ్మాయో అబ్బాయో అయితే బాగుంటుంది, ముందురోజు రెండుసార్లు గట్టిగా చదివించండి, "మెజారిటీ", "డిసెంట్" లాంటి మాటలు వచ్చినప్పుడు "ఎక్కువమంది ఇలా అన్నారు, ఈయన ఒప్పుకోలేదు" అని మార్చి రాసివ్వండి. వక్తలకి తలా ఎనిమిది నిమిషాలు, ఏడో నిమిషంలో చీటీ పంపే మనిషి ఒకరు ఉండాలి, అది మొహమాటం లేని మనిషై ఉండాలి, మా బార్‌లో అయితే లైబ్రేరియన్ గారికి ఇస్తాం, ఆవిడ చీటీ పంపరు, నేరుగా వచ్చి పక్కన నిలబడతారు.

హాలు బయట గోడకి ఫోటోలతో పాటు తీర్పు మొదటి పేజీ ప్రింట్ పెద్దదిగా అంటించండి, ఆయన రాసిన ఉత్తరాలేమైనా కుటుంబం ఇస్తే స్కాన్ చేసి వెంటనే వెనక్కిచ్చేయండి, ఒరిజినల్స్ టేబుల్ మీద పెట్టారంటే టీ గ్లాసు వాటి మీదే పెడతారు.

అయిపోయాక

మిగిలిన డబ్బు ఉంటే విగ్రహం ఆలోచన వద్దు, కాకులకి తప్ప ఎవరికీ పనికిరాదు. ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి ఏటా లా స్టూడెంట్‌కి ఒక ప్రైజు పెట్టండి, టాపిక్ ఆయన తీర్పుల్లోంచే, వ్యాసం తెలుగులో. వడ్డీ ఎంతొస్తుందో చూసి ప్రైజు మొత్తం అంతకన్నా తక్కువ పెట్టండి, రేట్లు తగ్గితే ఆగిపోకుండా. తెలుగు వికీపీడియాలో ఆయన పేజీ ఉందో లేదో చూసి, ఉంటే డేట్లు సరిచూసి, మీ దగ్గరున్న ఆధారాలు జోడించండి, సభలో చదివిన తెలుగు పేరా రికార్డింగు లైబ్రరీకి ఒక కాపీ ఇవ్వండి. వీధికి పేరు పెట్టించాలనుకుంటే మున్సిపల్ కౌన్సిల్ తీర్మానం కావాలి, దానికి ఏళ్ళు పట్టినా ఆశ్చర్యపోవద్దు, అర్జీ పెట్టి ఇన్‌వర్డ్ నంబర్ రాయించుకుని మర్చిపోండి.

వచ్చే ఏడాది మళ్ళీ జులైలోనే చెయ్యాలనుకుంటే స్పీకర్‌కి ఫోన్ మార్చిలోనే కొట్టండి, ఏప్రిల్ దాటితే సెలవుల గొడవలో పడి ఎవరూ ఫోన్ ఎత్తరు.